హెడ్డాఫీసును పట్నానికి ఇచ్చిన పెద్దమనిషి

ఆయన పోయాడన్న కబురు నాకు శుక్రవారం సంతలో, పసుపు బేరం మధ్యలో తెలిసింది. హుకుంపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ కొమ్ముల కుప్ప ముందు కూర్చుని ధర చెప్పింది. నేను ఎప్పటిలాగే గుండె మీద చెయ్యి వేసుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అది: ధర వినగానే ఎంతో కొంత గాయపడాలి. రెండో అడుగు వెయ్యబోతూ ఉంటే, పక్కన అడ్డాకులు అమ్ముకుంటున్న మనిషి, "ప్రెసిడెంటు గారు ఎల్లిపోనారు సావుకారీ, తెల్లారగట్ట" అన్నాడు. ఆవిడ అడిగిన ధర ఆవిడ చేతిలో పెట్టేసి సంచీ అందుకున్నాను. ఆవిడ డబ్బు కొంగున ముడేసుకోకుండా నా మొహంలోకి చూసి, "ఏటి బావూ, ఒంట్లో బాగులేదేటి?" అంది.

అరకులో ప్రెసిడెంట్లకు కొదవ లేదు. పంచాయతీకి ఒకరు, పార్టీకొకరు, జీపుల యూనియన్‌కొకరు. కానీ ఏ తోకా లేకుండా వట్టి 'ప్రెసిడెంటు గారు' అంటే మాత్రం ఆయనే. కథోలిక సోదరుల సేవా సంఘానికి కొండ మీద ప్రెసిడెంటు. ఆ సంఘం హెడ్డాఫీసు మా కిరాణా కొట్టు మీది గది.

ఆ సంఘంలో అందరూ చర్చి మగవాళ్లే, ఒకరినొకరు 'అన్నా' అనుకుంటారు. దారి లేని ఊళ్ల నుంచి రోగుల్ని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. చనిపోయినవాళ్లకు గొయ్యి తవ్వుతారు. చలికాలం ముసలివాళ్లకు దుప్పట్లు పంచుతారు. సంఘం పుట్టింది మా కొండ మీదే. తర్వాత కిందికి పాకి, పట్నంలో పెద్ద కమిటీ, దానికో పెద్ద ప్రెసిడెంటు ఏర్పడ్డారు. పెత్తనం అలా ఘాట్‌రోడ్డు దిగిపోయినా హెడ్డాఫీసు మాత్రం పుట్టినచోటే ఉండిపోయింది. దాని బోర్డు మా 'నిత్యావసర సరుకులు' బోర్డుకి సరిగ్గా పైన ఉండేది. దూరం నుంచి చూస్తే మేం సేవను కూడా చిల్లరగా అమ్ముతున్నామేమో అనిపించేది.

నా గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్నదీ కొట్టే, చిన్నాన్నదీ కొట్టే, మేనమామదీ కొట్టే. మా ఇళ్లల్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కాఫీ ఇస్తే కూడా మొదట వద్దంటారు, రెండోసారి ఇంకాస్త చిక్కగా వస్తుందని. అలాంటి వంశంలో పుట్టిన నన్ను బేరంలో చిత్తుగా ఓడించిన మనిషి ఆయన. అదీ ధర మాటెత్తకుండా.

గది అద్దెకు అడగడానికి వచ్చిన రోజు వాన పడుతోంది. ఎండాకాలం కూడా విప్పని ఒక గోధుమరంగు స్వెట్టరు, చెవుల మీదుగా మఫ్లరు, కొండ ఎక్కీదిగీ వేళ్లు విసనకర్రల్లా విచ్చుకున్న పాదాలు. బియ్యం బస్తా మీద కూర్చుని, "గది కావాల బావూ, ఎడ్డాపీసుకి" అన్నాడు. నేను అలవాటు కొద్దీ ఒక అద్దె చెప్పాను, ఎదుటివాడు గాయపడడానికి కావలసినంత ఎక్కువ చేసి. ఆయన గాయపడలేదు. వాన వైపు చూశాడు. మా నాన్న మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు. తన మిరియం తీగ సిల్వరోకు చెట్టు మీద ఎంతవరకు పాకిందో చెయ్యెత్తి చూపించాడు. అద్దె ఊసెత్తని ఆ తీరు నేను భరించలేకపోయాను. నేనే కొంత తగ్గించాను. ఆయన తన కోడిపుంజు గురించి మొదలుపెట్టాడు. నేను మళ్లీ తగ్గించాను. ఇంకొక్క మెట్టు దిగితే మా నాన్న నన్ను కొట్టులోంచి వెళ్లగొడతాడనగా ఆయన లేచి, "అలాగేలే. మరి మెట్లు?" అన్నాడు.

"మెట్లేమిటండీ?"

"మెట్ల మీద కూకోవచ్చా? మావోళ్లు గదిలో పట్టరు."

అలా మా మెట్లు కూడా పోయాయి. ఆ తర్వాత ప్రతి సంత రోజూ కొట్లోంచి మా ఇంట్లోకి వెళ్లాలంటే సంఘం మీదుగా దాటి వెళ్లవలసి వచ్చేది.

ఆయన వినయవంతుడని ఎవరైనా రాస్తే నమ్మకండి. ప్రెసిడెంటు అనిపించుకోవడం ఆయనకు బెల్లంతో సమానం. ఫోను మోగితే చాలు, మిరియాల తోటలో నిచ్చెన మీద ఉన్నా సరే, గట్టిగా "ఎడ్డాపీసు!" అనేవాడు. పండగ ఊరేగింపులో ఆయన వేషం చూడాలి. భుజం మీంచి నడుం దాకా ఎర్రపట్టీ, నెత్తిన ఈక పెట్టిన నల్లటోపీ. పట్నం నుంచి పంపిన తెల్ల ఈక మా వానలకు కుళ్లిపోతే ఆయన ఇంకోటి గుచ్చుకున్నాడు, నల్లగా నిగనిగలాడుతూ, వంపు తిరిగి. ఫాదర్‌గారు దాన్ని తేరిపార చూసి, "ఎక్కడిదయ్యా ఇది?" అని అడిగారు.

"మా పుంజుది ఫాదర్. కూరలో పడకముందే తీసినాను."

ఎవరు తొందరపెట్టినా ఆయన మాట ఒకటే: "కొండేటి పారిపోతాదా?" టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. మిరపకాయ బజ్జీ తొడిమ నుంచి మొదలుపెట్టి చివరి దాకా ఒక యాత్రలా తినేవాడు. కానీ ఫలానా ఊళ్లో డోలీ కావాలని కబురొస్తే అదే మనిషి వేరే మనిషి. సగం కొరికిన బజ్జీ నా చేతిలో పెట్టి, "బేగి, బేగి!" అంటూ పైనుంచి వెదురు బొంగులు దింపించేవాడు. ఎక్కేటప్పుడు వెనక కొస, దిగేటప్పుడు ముందు కొస, బరువు పడే వైపు ఎప్పుడూ ఆయనదే. రోగిని ఆసుపత్రిలో చేర్పించాక, వెంట వచ్చిన ఇంటివాళ్లు మా పైగదిలో పడుకునేవారు. చాపలు, దుప్పట్లు, మరియమ్మ పటం, కిరసనాయిలు పొయ్యి, ఒక బల్ల. హెడ్డాఫీసంటే ఇంతే. ఆ బల్ల మీద ఎవరైనా ఏదైనా రాయడం నేను చూడలేదు. పసిపిల్లలకు గుడ్డలు మార్చడం మాత్రం చూశాను.

ఆ గదికి ముప్పు వచ్చింది. పట్నంలో కొత్తగా ఎన్నికైన పెద్ద ప్రెసిడెంటు హెడ్డాఫీసును పట్నానికి మార్చాలని తలపెట్టాడు. మంచి మనిషే. ఉద్యోగం చేసి రిటైరైనవాడు, తెల్లచొక్కా, అద్దంలా మెరిసే బూట్లు. అక్కడ పెద్ద హాలుంది, ఏసీ ఉంది, లిఫ్టు ఉంది. కమిటీవాళ్లు కొండెక్కాలంటే దారి పొడుగునా వాంతులవుతున్నాయి. ఆయన వైపు న్యాయం ఆయనకుంది. అయితే హెడ్డాఫీసును కదపాలంటే అది ఉన్నచోటి సభ్యులు ఒప్పుకోవాలి. అందుకని ఆయనే కొండెక్కి వస్తానన్నాడు.

కబురందిన శుక్రవారం మా మెట్ల మీద పెద్ద గోల. "ఎడ్డాపీసు ఎల్లిపోతే గదుండదు. గది లేకపోతే డోలీ దిగినోళ్లు యాడ తొంగుంటారు?" అని ఒకాయన. "పేణం పోయినా ఇవ్వం" అని ఇంకొకాయన. మా ప్రెసిడెంటు మాత్రం బజ్జీ యాత్రలో ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. తక్కెడ దించి బయటికి వచ్చి అందరికీ బేరం పాఠం చెప్పాను. "ఎదుటివాడు ఏమన్నా మీరు మాట్లాడకండి. ముందు నోరు తెరిచినవాడే ఓడినట్టు. మాట్లాడనిచ్చి మాట్లాడనిచ్చి అలిసిపోయాక కాదనండి." అందరూ శ్రద్ధగా తలలూపారు. నేను గురువునైపోయాను.

పెద్ద ప్రెసిడెంటు వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీ ఆయనకు వేశారు. నాటుకోడి కూర, చోడి అంబలి పెట్టారు. తిన్నాక పళ్లెం తనే తీయబోతే నలుగురు లాక్కున్నారు: "సుట్టానివి, కూకో అన్నా." చాప మడతపెట్టబోతే అదీ లాక్కున్నారు. చుట్టాన్ని పని ముట్టనివ్వడం ఆ కొండల్లో ఇంటికే అప్రతిష్ఠ. నేను టీ గ్లాసులతో గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయన విషయం చెప్పాడు. మావాళ్లు నేను చెప్పినట్టే ఒక్క ముక్క మాట్లాడలేదు. చిరునవ్వులతో ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. ఆయన మొహం వికసించింది. "ఎవరికీ అభ్యంతరం లేనట్టేనా? అయితే మన హెడ్డాఫీసును పట్నానికి ఇమ్మని మిమ్మల్ని అడుగుతున్నాను. సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

మొదట లేచిన చెయ్యి మా ప్రెసిడెంటుది. తర్వాత అన్ని చేతులూ లేచాయి, పేణం పోయినా ఇవ్వనన్న చేతితో సహా.

బోర్డు ఊడదీసి జీపెక్కించి సాగనంపాక మా ప్రెసిడెంటును పట్టుకుని కడిగేశాను. "ఏమిటండీ మీరు చేసింది?"

"ఏటి సెయ్యమంతావు సావుకారీ? మనింట్లో కూకున్నాడు. మన కోడి తిన్నాడు. నోరిడిసి అడిగినాడు. ఇంటికొచ్చిన సుట్టాన్ని పట్టుకుని లేదంతామా?"

"అది హెడ్డాఫీసండీ! కోడి కాదు!"

"కోడి ఇచ్చీసి ఎడ్డాపీసు దాసుకుంతే మాత్రం బాగుంతాదేటి?" అన్నాడు, నన్ను చూసి జాలిపడుతూ.

గది ఖాళీ అయింది. బోర్డు ఉన్నచోట గోడ తెల్లగా మిగిలింది. డోలీలు ఆగలేదు కాబట్టి రోగుల మనుషులు రావడమూ ఆగలేదు. పైన తాళం చూసి మా అరుగు మీద నిలబడేవారు. మా ఆవిడ వాళ్లను బస్తాల మధ్య పడుకోబెట్టింది. నేను దయగలవాణ్నని కాదు. మనుషులుంటే బస్తాల దగ్గరికి ఎలకలు రావని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

తర్వాతి సంత రోజు, పొద్దు నడినెత్తి దాటాక, ప్రెసిడెంటు గారు చంకలో పుంజుతో కొట్టు ముందు ప్రత్యక్షమయ్యాడు. వెనకాల సంఘం, సంఘం పెళ్లాలు, ఒకరి నెత్తిన పనసకాయ, ఒకరి నెత్తిన అంబలి కుండ, చేతుల్లో కొండచీపుళ్లు.

"ఎక్కడికండీ పెళ్లివారిలా?"

"రైలుకి. ఎడ్డాపీసుని సూడ్డానికి."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. "పిల్లనిచ్చినా, పెయ్యనిచ్చినా, ఇచ్చీసి ఊరుకోకూడదు బావూ. ఇచ్చినోడు ఎల్లి సూడాల. బాగున్నాదా, అక్కడి నీరు పడిందా, బెంగెట్టుకున్నాదా అని. ఎల్లకపోతే, వదిలించుకున్నామనుకుంతారు."

వెళ్లారు. మళ్లీ సంతకు మళ్లీ వెళ్లారు. మరుసటి సంతకూ వెళ్లారు. ఆ పట్టున పట్నం పెద్దాసుపత్రికి వెళ్లే రోగుల్ని, వాళ్ల చుట్టాల్ని కూడా వెంటబెట్టుకెళ్లడం మొదలుపెట్టారు. హెడ్డాఫీసంటే రోగుల మనుషులు పడుకునే చోటని కదా అందరికీ తెలుసు. ఒకసారి హోల్‌సేల్ సరుకు కోసం పట్నం వెళ్లినప్పుడు కుతూహలం ఆపుకోలేక నేనూ వెళ్లి చూశాను. అద్దాల తలుపు తెరవగానే పుంజు కూసింది; దాన్ని సోఫా కాలికి కట్టారు. గాజుబల్ల మీద అంబలి కుండ. సోఫాలో ఒక బాలింత, పక్కన పొత్తిళ్లలో పసిగుంట. కింద వరసగా దుప్పట్లు ముసుగుతన్ని జనం. ఒక ముసలాయన ముసుగులోంచి తల బయటపెట్టి, "ఏటి బావూ ఇక్కడ మన సింతపల్లి కంతే సలిగున్నాది" అన్నాడు, ఏసీ కేసి చూస్తూ. కమిటీ పెద్దమనిషి ఒకాయన పనసకాయను ఎటునుంచి పట్టుకోవాలో తెలియక దాని చుట్టూ తిరుగుతున్నాడు. పెద్ద ప్రెసిడెంటు భార్య లోపల వండుతోంది. ఆయన కెటిల్ పట్టుకుని అందరికీ టీ పోస్తున్నాడు. కోపంగా లేడు. కోప్పడడానికి ఎవరూ ఒక్క కానిమాట అనలేదు మరి. వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి తెచ్చారు, గోడలు తడిమి చూశారు, బాగుందన్నారు.

కొన్నాళ్లకు పెద్ద ప్రెసిడెంటు తనే మళ్లీ కొండెక్కాడు. మా మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు ఇద్దరు ప్రెసిడెంట్లూ. నేను ఎవరికీ అక్కర్లేని కందిపప్పు తూస్తూ చెవులు అటు వేశాను.

"అన్నా, హెడ్డాఫీసు పైనే ఉంటే బాగుంటుందని కమిటీ అనుకుంటోంది. మీరే పెట్టుకోండి" అన్నాడు పట్నం ఆయన.

"ఇచ్చీసినాం కదన్నా. ఇచ్చినది ఎనక్కి తీసుకోడం మాకు లేదు."

"అలా కాదు, మేమే తొందరపడ్డాం..."

"తొందరేటి, బాగా సూసుకుంతన్నారు. మొన్న మా ఆడోళ్లు కూడా అన్నారు, మన ఎడ్డాపీసుకి కాస్త ఒళ్లొచ్చిందని."

పట్నం ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. బోర్డుకి కొత్తరంగు వేయించి పంపుతానన్నాడు. ఈయన కొండ వైపు చూశాడు. సోఫా పంపుతానన్నాడు. ఈయన మిరియం తీగ గురించి చెప్పాడు. ఏసీ పంపుతానన్నాడు. "సలి మాకున్నాది" అన్నాడు ఈయన. పోనీ రోగుల మనుషులు పడుకోవడానికి ఇనప మంచాలు, పరుపులు? ఈయన పుంజు మాట ఎత్తాడు. మంచాలు, పరుపులు, గదికి ఎప్పటికీ అద్దె కమిటీదే? నా చేతిలో పప్పు తక్కెడలోంచి ఒలికిపోతోంది. ఈ ఆటలో ఇంతదాకా ఓడినవాణ్ని నేనొక్కణ్నే అనుకునేవాణ్ని.

చివరికి మా ప్రెసిడెంటు గట్టిగా నిట్టూర్చి, "ఎనక్కయితే తీసుకోం. మీరే కొత్తగా ఇత్తన్నామంతే మాత్రం కాదన్లేం. సుట్టం ఇచ్చినది కాదనకూడదు" అన్నాడు. పట్నం ఆయన ఈయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. ఈయన ఆ చేతులు విడవకుండానే, "మరి ఇచ్చినోళ్లు సూడ్డానికి రావాల అన్నా, మరిసిపోయీవు" అన్నాడు.

పట్నం ఆయన వెళ్లాక నేను ఉండబట్టలేక మా ప్రెసిడెంటును అడిగాను. "నిజం చెప్పండి. ఆ రోజు చెయ్యెత్తినప్పుడే ఇదంతా అనుకున్నారా?"

"ఏదంతా?"

"వెళ్లడం, పుంజు, పనసకాయ, ఇదంతా."

ఆయన బజ్జీ నమిలి మింగే దాకా ఆగాను. "సావుకారీ, నువ్వు సుట్టాలింటికి కూడా తక్కెడ అట్టుకెల్తావేటి?" అన్నాడు. అందులో అవునో కాదో ఈ రోజుకీ నాకు తేలలేదు. తెలిసి చేసి ఉంటే ఆయనంతటి బేరగాడు ఈ కొండల్లో పుట్టలేదు. తెలియక చేసి ఉంటే, మా మూడు తరాల విద్య గాలికి పోయినట్టే.

పెద్ద ప్రెసిడెంటు మాట తప్పలేదు. నెలనెలా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కుర్చీ, కోడి, "సుట్టానివి, కూకో." ఆయనకు డోలీ బొంగు ఒక్కసారైనా భుజానికెత్తుకోవాలని ఉండేది. పదవి దిగిపోయాక కూడా వచ్చాడు. ఒక్క దుప్పటి మడతపెట్టనివ్వలేదు ఎవరూ. ఎదురుచూసి ఎదురుచూసి ఆ కుర్చీలో మనిషి ముసలివాడైపోయాడు.

ఆ శుక్రవారం పసుపు సంచీ కొట్లో పడేసి, సర్వీసు జీపు పట్టుకుని ఆయన ఊరు వెళ్లాను. పెట్టె మీద ఎర్రపట్టీ, టోపీ పెట్టారు. ఫాదర్‌గారు ప్రార్థన మొదలుపెట్టక ముందే సంఘం వాళ్లు వాలు మీద గొయ్యి తవ్వుతున్నారు. పట్నం ఆయన నాకంటే ముందే చేరాడు. అలవాటు కొద్దీ కుర్చీ కోసం అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాడు. గోతిలోంచి ఒకాయన తలెత్తి, కళ్లెర్రగా, "ఏటన్నా అలగ నిలబడి సూత్తన్నావు? ఈ పక్క ఒంకరొచ్చీసింది. బేగి దిగు" అని చేతిలోని పార ఆయన వైపు విసిరినట్టు చాచాడు.

ఆయన బూట్లు విప్పాడు. మేజోళ్లు విప్పి బూట్లలో దోపాడు. తెల్లచొక్కాతోనే గోతిలోకి దిగి ఎర్రమట్టి ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. పార పట్టడం సరిగ్గా రాదు. ఎవరూ అందుకోలేదు, ఎవరూ వద్దనలేదు. అంత ఏడుపులోనూ ఆయన మొహంలో ఏదో వెలుగు కనిపించింది.

అక్కడున్న ఒక్క కుర్చీ నాకు వేశారు.

ఇన్నేళ్లు నా మెట్ల మీద కూర్చున్న జనం. నేను లేచి గోతి దగ్గరికి వెళ్లి పార అడిగాను. ప్రెసిడెంటు గారి భార్య అడ్డం వచ్చింది. "సుట్టానివి, కూకో బావూ."

"ఇంటివాణ్నమ్మా. మీ హెడ్డాఫీసు ఇంటివాణ్ని" అన్నాను.

"పారలు లేవు."

"గునపం ఇవ్వండి."

"నీకు బరువు, ఎత్తలేవు."

"పోనీ తాడు పట్టుకుంటాను, దించేటప్పుడు."

"తాడుకి మనుసులున్నారు."

నేను కదల్లేదు. ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. కళ్లు తుడుచుకుని, వంగి, మట్టి ఎత్తే ఖాళీ తట్ట ఒకటి నా చేతుల్లోకి నెట్టింది. పార దగ్గర మొదలుపెట్టిన బేరం, తట్ట దగ్గర తెగింది. పంచె ఎగ్గట్టి గోతి దగ్గరికి నడిచాను.